పిల్ల నోడ్లనే చూసే ఎక్స్‌పాత్ ‘కనీసం ఇద్దరు రచయితలు’ అని ఎందుకు అడగలేకపోతుంది?

ఎక్స్‌పాత్ అంటే XML పత్రం అనే చెట్టులో నోడ్లను వెతికే ప్రశ్నల భాష. అందులోంచి కౌంట్, స్థాన సంఖ్యలు తీసేసి, పిల్ల నోడ్‌కు దిగడం, లేబుల్ పరీక్ష, మరియు–లేదా–కాదు మాత్రమే ఉంచితే మిగిలేది ప్రాథమిక మోడల్ లాజిక్కే, అంటే ‘ఇలాంటి పిల్ల ఉందా’ అని అడిగే తర్కమే. దానికి బైసిమ్యులేషన్‌లో ఉన్న నోడ్ల మధ్య తేడా తెలియదు. బైసిమ్యులేషన్ అంటే, లేబుళ్లు ఒకటిగా ఉండి, ఇటు ప్రతి అడుగుకూ అటు, అటు ప్రతి అడుగుకూ ఇటు జోడీ అడుగు ఉండేలా నోడ్లను జతచేసే సంబంధం.

రెండు చెట్లు తీసుకోండి. ఒకదానిలో ‘పుస్తకం’ కింద ఒక ‘రచయిత’, రెండోదానిలో ఇద్దరు. మొదటి చెట్టు వేరుతో (పైనున్న ‘పుస్తకం’ నోడ్) రెండో చెట్టు వేరును, ప్రతి రచయితతో ప్రతి రచయితను జతచేయండి. ప్రతి జతలో లేబుళ్లు ఒకటే. ఇటు ఏ పిల్లకు దిగినా అటు జోడీ పిల్ల ఉంది, అటు నుంచి ఇటూ అంతే. కాబట్టి ఏ ఫార్ములా అయినా రెండు వేళ్ల దగ్గరా ఒకే జవాబిస్తుంది. రుజువు అంతే.

చాలామంది తడబడేది ‘అటు నుంచి ఇటు’ షరతు దగ్గర. వేర్వేరు సంబంధాలతో రెండు దిశల్లో సిమ్యులేషన్ (ఒక వైపు అడుగులకే జోడీ చూపే సంబంధం) చూపిస్తే చాలదు, ఒకే సంబంధం రెండు షరతులనూ తీర్చాలి. మరో రెండు చెట్లు చూడండి. మొదటి చెట్టులో రచయిత కింద ‘ఊరు’ ఉంది. రెండోదానిలో అదనంగా ఊరు లేని రచయిత ఉన్నాడు. పరస్పర సిమ్యులేషన్ ఉంది, కానీ ‘ఊరు లేని రచయిత ఉన్నాడా?’ అన్న ప్రశ్న వాటిని విడదీస్తుంది.

తర్వాతి తోబుట్టువు అక్షం (అదే తల్లి నోడ్ కింద తర్వాత వచ్చే నోడ్లకు వెళ్లే అడుగు) చేర్చగానే ‘తన తర్వాత మరో రచయిత ఉన్న రచయిత’ అని అడగొచ్చు. అప్పుడు బైసిమ్యులేషన్‌లోనూ తోబుట్టువు అడుగులు చేర్చాలి, పై జత చెడిపోతుంది.

వాన్ బెంథెమ్ సిద్ధాంతం మరో దిశ చెబుతుంది: ఒక స్వేచ్ఛా చరరాశి ఉన్న (అంటే ఒక నోడ్ గురించి అడిగే) ఫస్ట్ ఆర్డర్ ఫార్ములా, అంటే ‘ప్రతి నోడ్‌కు’, ‘ఏదో ఒక నోడ్‌కు’ అని చెప్పగల తర్కంలోని ఫార్ములా, బైసిమ్యులేషన్‌లో ఉన్న నోడ్ల దగ్గర జవాబు మార్చకపోతే, దానికి సమానమైన మోడల్ ఫార్ములా ఉంటుంది. పరిమిత నిర్మాణాలకూ ఇది నిలుస్తుందని రోజెన్ 1997లో చూపారు.