గుండె భోంచేసేది రెండు స్పందనల నడుమే

ప్రశ్న: గంట సేపు నడిస్తే కాళ్లు పీకుతాయి. పుట్టకముందు నుంచీ కొట్టుకుంటున్న గుండెకు అలసట ఎందుకు రాదు? అదీ కండరమే కదా!

జవాబు: కండరమే, కాకపోతే దాని తీరు వేరు. గుండెకు విశ్రాంతే లేదనుకోవడం పొరపాటు. నిమిషానికి 75 సార్లు కొట్టుకునేటప్పుడు ఒక్కో స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో జఠరికలు (గుండె కింది గదులు) ముడుచుకుని రక్తాన్ని నెట్టేది సుమారు 0.3 సెకను. మిగిలిన అర సెకనూ వదులై, రక్తంతో నిండుతుంటాయి. అంటే రోజులో సగానికి పైగా విశ్రాంతే, కాకపోతే చిన్న చిన్న ముక్కలుగా దొరుకుతుంది.

గుండె తన తిండి తినేది కూడా ఎక్కువగా ఆ విరామంలోనే. ఎడమ జఠరిక గోడ బిగుసుకున్నప్పుడు తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. వదులైనప్పుడే, గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనుల రక్తం లోపలి పొరల దాకా చేరుతుంది. సుమారు 300 గ్రాముల ఈ కండరానికి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్ల రక్తం కావాలి. ఆ రక్తంలోని ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులకు పైగా అది ఎప్పుడూ పీల్చేసుకుంటూనే ఉంటుంది. కాబట్టి పని పెరిగితే అదే రక్తం నుంచి ఇంకా పిండుకోవడానికి పెద్దగా మిగలదు. రక్తప్రవాహమే పెరగాలి. ధమనిలో పూడిక ఉన్నవారికి మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసి, కూర్చోగానే తగ్గేది ఇందుకే.

ఇక అలసట సంగతి. గుండె కణంలో దాదాపు మూడో వంతు చోటు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలదే. అందుకే అది అంత తేలిగ్గా అలసిపోదు. పైగా ఒకసారి ముడుచుకున్న కణం సుమారు పావు సెకను దాకా మరో విద్యుత్ సంకేతానికి స్పందించదు. అందుకే పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, బీపీ ఉంది. ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 60 శాతం, ఎడమ జఠరిక గోడ మందం 13 మిల్లీమీటర్లు’ అని రాశారు. గుండె 40 శాతం దెబ్బతిన్నట్టా? కండరం మందంగా ఉండటం మంచిదేగా?

జవాబు: రెండు అనుమానాలకూ జవాబు ‘కాదు’ అనే. ముందుగా ఈఎఫ్, అంటే నిండిన జఠరికలోని రక్తంలో ఒక్క స్పందనకు బయటికి వెళ్లే శాతం. నిండిన జఠరికలో 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, ఒక్క స్పందనకు 70 దాకా బయటికి వెళ్తుంది. అది దాదాపు 60 శాతం. ఏ ఆరోగ్యవంతుడి గుండె కూడా పూర్తిగా ఖాళీ కాదు. నాన్నగారి అంకె మామూలుదే.

అసలు పట్టించుకోవలసింది ఆ 13 మిల్లీమీటర్లను. గోడ మందం సాధారణంగా 10-11 దాటదు. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టడంతో కండరం మందమైంది. కానీ దానికి తగ్గట్టు సన్న రక్తనాళాలు పెరగవు, మధ్యలో నారలాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది, గోడ బిరుసెక్కుతుంది. బిరుసు గోడ సరిగ్గా వదులవదు, సరిగ్గా నిండదు. అందుకే ఈఎఫ్ 60 ఉన్నా ఆయాసం వచ్చేవాళ్లుంటారు. ‘ఈఎఫ్ బాగుంది’ అన్న ఒక్క మాటతో రిపోర్టు మడిచి లోపల పెట్టేయకండి.

బీపీ అదుపులో ఉంటే ఈ మందం నెలలు, సంవత్సరాల్లో కొంత తగ్గుతుంది. ఇంట్లో బీపీ కొలవడం ఇలా: అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. వేలాడదీస్తే బీపీ ఎక్కువగా చూపిస్తుంది. పట్టీ చొక్కా మీద కాదు, చర్మానికి చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రమూ, 7 రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. అది 135/85 లేదా అంతకన్నా ఎక్కువైతే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అంకె బాగుందని మాత్రలు మానేయకూడదు; బాగుంటున్నది వాటివల్లే. ఉప్పు అన్నిటిలో కలిపి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి.

ప్రశ్న: వ్యాయామంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది కదా, త్వరగా అరిగిపోదా?

జవాబు: లెక్క చూడండి. నిమిషానికి 5 లీటర్లు పంపాలంటే, స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున 71 సార్లు కొట్టుకోవాలి. సాధనతో స్పందనకు 85 పంపగలిగితే 59 సార్లు చాలు. వ్యాయామం చేసే కాసేపు పెరిగిన వేగం, మిగతా రోజంతా తగ్గిన వేగంతో తీరిపోతుంది. వేగం తగ్గితే గుండె ముడుచుకునే సమయం పెద్దగా మారదు, పెరిగేది విరామమే. అంటే కండరానికి భోజన సమయం పెరిగినట్టే.

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో చేస్తే చాలు. బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) వాడేవారికి నాడి అంత పెరగదు కాబట్టి నాడి లెక్క కన్నా ఈ మాటల పరీక్షే నయం. చివర్లో ఠక్కున ఆగకండి. కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. 5 నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపండి. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టవద్దు. జ్వరం ఉన్నప్పుడు వ్యాయామం అసలే వద్దు. వైరస్ గుండె కండరానికీ సోకి ఉండొచ్చు.

ప్రశ్న: గుండెపోటు తర్వాత నా ఈఎఫ్ 38. చచ్చిన కండరం మళ్లీ పెరుగుతుందా? టానిక్కులేమైనా ఉన్నాయా?

జవాబు: చచ్చిన భాగం మచ్చగా మిగులుతుంది. 25 ఏళ్ల వయసులోనే గుండె కణాలు ఏడాదికి 1 శాతం మేరకే కొత్తవి వస్తాయి, తర్వాత ఇంకా తగ్గుతాయి. దాన్ని పెంచే టానిక్కు లేదు. అయితే మచ్చ చుట్టూ చావకుండా సొమ్మసిల్లిన కండరం వారాలు, నెలల్లో కోలుకోవచ్చు. మందులు పనిభారం తగ్గించి దానికి వ్యవధినిస్తాయి. ఈఎఫ్‌ను సుమారు మూడు నెలలకు మళ్లీ చూస్తారు. ఈలోగా ఒక్క మాత్ర కూడా సొంతంగా ఆపకండి.

రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్లవాపు వచ్చేదాకా, దిండు మీద దిండు వేసుకోవలసి వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.