ఖాళీ లారీకి కాపలా

గత సంచికలో ఇరాక్ యుద్ధం గురించి రాస్తూ "అక్కడ ఖాళీ లారీలకూ బిల్లు పడింది" అని ఒక మాట అన్నాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్ఫై ఏళ్లు ఆడిట్‌లో బిల్లులు తిరగేసినవాణ్ణి కదా, యుద్ధాన్ని కూడా బిల్లు వైపు నుంచే చూడటం అలవాటైపోయింది. కొన్నిటికి ఈసారి జవాబు.

ప్రశ్న: ఖాళీ లారీ నడిపితే కంపెనీకి ఏం లాభం సార్? డీజిల్ దండగే కదా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

దండగే అమ్మా. అయితే ఆ దండగ ఎవరి జేబులోంచి పోతోందో చూడాలి.

2003లో అమెరికా సైన్యం ఇరాక్‌లో దిగేనాటికే దాని వంట, మంచినీళ్లు, బట్టలుతకడం, రవాణా చూసుకునే కాంట్రాక్టు కేబీఆర్ చేతిలో ఉంది. అప్పట్లో అది హాలిబర్టన్ అనే అమెరికా చమురు సేవల సంస్థ కింద నడిచే కంపెనీ. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆ పదవిలోకి రాకముందు, 1995 నుంచి 2000 దాకా, హాలిబర్టన్‌కే అధిపతి. ఒప్పందం పేరు లాగ్‌క్యాప్. దాని పద్ధతి 'కాస్ట్ ప్లస్'. అంటే ఎంత ఖర్చయితే అంతా ప్రభుత్వం ఇస్తుంది, పైన కొంత లాభం ఇస్తుంది. ఇంటి మేస్త్రీతో ఇలా మాట్లాడుకుంటే ఏమవుతుందో మీ అమ్మగారినడగండి, నాకంటే బాగా చెబుతారు.

ఆ లారీల సంగతి బయటపెట్టింది వాటిని నడిపిన డ్రైవర్లే. సరుకేమీ లేకుండా వందల కిలోమీటర్లు తిప్పేవాళ్లమని 2004లో చెప్పారు. ఆ ఖాళీ ట్రెయిలర్లలోని లేని సరుకుకు వాళ్లు పెట్టుకున్న ముద్దు పేరు 'తెరచాప పడవకు పోసే పెట్రోలు'. వేళాకోళం సరే, ఆ దారుల నిండా బాంబులు. ప్రతి కాన్వాయ్‌కీ ముందూ వెనకా సైనికుల బళ్లు ఉండాలి. మెషిన్‌గన్ పట్టుకుని పైన నిలబడిన కుర్రాడు ఏమీ లేని ట్రెయిలర్‌కి కాపలా కాశాడన్నమాట. 2004 ఏప్రిల్ 9న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇంధనం తీసుకెళ్తున్న కాన్వాయ్ మీద దాడి జరిగింది. సైనికులూ చనిపోయారు, కేబీఆర్ డ్రైవర్లు ఆరుగురూ చనిపోయారు. అవి ఖాళీ లారీలు కావు. కానీ దారి అలాంటిదని చెప్పడానికి రాస్తున్నాను.

ప్రశ్న: నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఆ ఒప్పందంలో లాభం నూటికి మూడు దాటదని చదివాను. మూడు శాతానికి దోపిడీ అనడం న్యాయమేనా? పైగా ఖర్చు మీద శాతం ఇవ్వడం అమెరికా చట్టంలో నిషేధం కదా?

మీ ప్రశ్న చూసి సంతోషించాను. చాలామంది ఇంత దూరం రారు.

మీరన్నది నిజం. నూటికి ఒకటి ఖాయం, పని బాగుందంటే మరో రెండు దాకా బోనస్. అసలు ఖర్చు మీద శాతం ఇవ్వడం నిషేధమే. అందుకని ముందుగా ఒప్పుకున్న అంచనా మీద శాతం కడతారు. కాగితం మీద కట్టుదిట్టంగానే ఉంది. కిటుకల్లా 'ముందుగా' అన్న మాటలో ఉంది. యుద్ధం తొందర కదా, పని మొదలుపెట్టేయమన్నారు, అంచనా తర్వాత చూసుకుందామన్నారు. నెలలు గడిచి, డబ్బులో చాలా భాగం ఖర్చయిపోయాక అంచనా ఖరారు చేయడానికి కూర్చున్నారు. అప్పుడు అంచనా అంటే ఏమిటి? అయిన ఖర్చే. పరీక్ష రాశాక సిలబస్ వేసినట్టు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2004లోనే ఈ జాప్యాన్ని తప్పుపట్టింది.

మూడు శాతం చిన్నదే, కానీ దేనిలో మూడు? లాగ్‌క్యాప్ కింద కేబీఆర్‌కు అందింది 3,000 కోట్ల డాలర్ల పైమాటే.

నాకు బాగా గుర్తుండిపోయిన బిల్లు భోజనాలది. కువైట్‌లోని క్యాంప్ అరిఫ్జాన్‌లో 2003 జులైలో రోజుకు సగటున 42,042 భోజనాలకు బిల్లు పెట్టారు. వడ్డించినవి 14,053. మెస్ కట్టడం, మనుషుల్ని పెట్టడం తలల అంచనాను బట్టి చేశాం, ఎవరొచ్చి తిన్నారన్నదాన్ని బట్టి కాదు అన్నది కంపెనీ వాదన. కొంత నిజం ఉండొచ్చు, మెస్ నడిపినవాడికి వృథా తప్పదు. అయినా ఒక్కరు తింటే ముగ్గురికి రాయడం ఏ మెస్ లెక్కో నాకు అర్థం కాలేదు.

పెట్రోలు కథా ఇంతే. అది కేబీఆర్‌కే ఇచ్చిన వేరే చమురు కాంట్రాక్టు కింద ఇరాక్‌కు తెచ్చింది. టర్కీ నుంచి తెచ్చింది గ్యాలన్ 1.18 డాలర్లు పడుతుంటే కువైట్ నుంచి తెచ్చినదానికి 2.27 వేశారు. రక్షణ శాఖ ఆడిటర్లు 2003 డిసెంబరులో 6.1 కోట్ల డాలర్లు ఎక్కువ పడి ఉండొచ్చని తేల్చారు. చమురు కాంట్రాక్టు మొత్తంలో వాళ్లు వేలు పెట్టి చూపిన ఖర్చులు 26.3 కోట్ల డాలర్లు. చివరికి సైన్యం కోసింది 1.01 కోట్లు. నూటికి నాలుగు కూడా కాదు. మిగతాదంతా చెల్లించేశారు. ఆ ఆడిటర్ల ముఖాలు నేను ఊహించుకోగలను.

ప్రశ్న: నేను పదిహేడేళ్లు సైన్యంలో చేశాను. కాంట్రాక్టరు లేకపోతే సైనికుడే బంగాళాదుంపలు చెక్కాలి, బకెట్లు మోయాలి. ఏసీ గదిలో కూర్చుని తప్పులు వెతకడం తేలిక.

మీ మాట కాదనను. వేడి అన్నం, శుభ్రమైన బట్టలు ఇచ్చింది వాళ్లే. 2010 నాటికి ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో కాంట్రాక్టు మనుషులు 2,60,000 దాటారు. ఒక దశలో సైనికులకంటే వాళ్లే ఎక్కువ. వాళ్లు లేకుండా ఆ యుద్ధాలు రెండు నెలలు కూడా సాగేవి కావు. నా పేచీ ఆ అన్నంతో కాదు.

ఒక స్నానాల గది గురించి చెబుతాను, మీరే చూడండి. 2008 జనవరి 2, బాగ్దాద్‌లోని రద్వానియా ప్యాలెస్ ప్రాంగణం. 24 ఏళ్ల స్టాఫ్ సార్జెంట్ ఒకడు షవర్ కింద నిలబడ్డాడు. నీళ్ల పంపుకు ఎర్తింగ్ సరిగా లేదు. పంపు షార్టయింది, కరెంటు గొట్టాల్లోకి వచ్చింది. కుర్రాడు అక్కడే పోయాడు. వాళ్లమ్మకు మొదట చెప్పిందేమిటంటే, స్నానం చేస్తూ ఏదో కరెంటు సామాను వెంట తీసుకెళ్లి ఉంటాడని. ఆవిడ నమ్మలేదు, వెంటపడింది. అప్పుడు బయటికొచ్చింది: అంతకుముందు అదే గదిలో ఉన్న సైనికుడు షాక్ కొడుతోందని ఫిర్యాదు రాసిచ్చాడు. ఆ కట్టడం వైరింగులో లోపాలున్నాయని 2007 ఫిబ్రవరిలో కేబీఆర్ తనిఖీలోనే తేలింది. కానీ ఒప్పందం ప్రకారం పాడైందని అడిగినప్పుడు బాగుచేయడమే వాళ్ల పని, పాడవకుండా చూడటం కాదు. తప్పు తమది కాదని కంపెనీ అంది. పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) లోపలి తనిఖీ అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, సైన్యంలోనూ, కంపెనీలోనూ లోపాలున్నాయన్నారు. 2003 మార్చి నుంచి ఆరేళ్లలో ఇరాక్‌లో కరెంటు షాక్‌తో పోయిన 18 మంది కేసులు ఆయన తిరగేశారు.

2008 మొదటి నాలుగు నెలలకు కంపెనీకి రావాల్సిన బోనస్‌ను సైన్యం నిరాకరించింది. 2010లో.

మీరు పదిహేడేళ్లు చేశారు కదా, మీ బ్యారక్‌లో ఎర్త్ వైరు ఎవరు చూసేవారో ఒక కార్డు ముక్క రాయండి. నిజంగానే తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: ఇంత జరుగుతుంటే అడ్డుకున్నవాళ్లే లేరా?

ఉన్నారు, వాళ్లకే కష్టమొచ్చింది. ఆర్మీ ఇంజనీర్ల విభాగంలో కాంట్రాక్టులకు అందరికంటే పై సివిలియన్ అధికారి బన్నటైన్ గ్రీన్‌హౌస్. 700 కోట్ల డాలర్ల దాకా పోయే ఇరాక్ చమురు కాంట్రాక్టును టెండరు లేకుండా ఐదేళ్లకు కేబీఆర్‌కు ఇవ్వబోతే, సంతకం పక్కనే పెన్నుతో రాశారు, ఏడాది దాటితే బాగుండదని. (సంతకం పక్కన చేత్తో రాసిన ఆ ఒక్క వాక్యానికి ఎంత గుండె కావాలో ఫైళ్లు చూసినవాళ్లకే తెలుస్తుంది.) 2005 జూన్‌లో సెనేటర్ల ముందు మాట్లాడారు, ఆగస్టులో పదవి నుంచి దించేశారు. 2011లో ప్రభుత్వం ఆమెకు 9,70,000 డాలర్లిచ్చి రాజీ చేసుకుంది.

రెండోవాడు చార్లెస్ స్మిత్. లాగ్‌క్యాప్‌ను చూసిన సైన్యం అధికారి. కాగితాలు సరిగా లేని 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చులకు డబ్బివ్వనన్నారు. 2004లో ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు, తర్వాత చెల్లింపులు సాగాయి. సైన్యం వైపు నుంచి చెప్పిన కారణం చూడండి: డబ్బు ఆపితే కంపెనీ సైనికులకిచ్చే సేవలు తగ్గిస్తుందేమోనని. అన్నం గిన్నె చేతిలో ఉన్నవాడితో బేరమాడలేమని సైన్యమే ఒప్పుకుంది. నాకు ఆ 100 కోట్లకంటే ఈ మాటే ఎక్కువ భయం వేసింది.

2011లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) వేసిన కమిషన్ లెక్క తేల్చింది. రెండు యుద్ధాల్లో కాంట్రాక్టులు, గ్రాంట్ల ఖర్చు 20,600 కోట్ల డాలర్లు, అందులో వృథా, మోసం కింద పోయింది 3,100 నుంచి 6,000 కోట్లు. ఆ రెండు అంకెల మధ్య తేడాయే 2,900 కోట్లు.

ప్రశ్న: మీరు ఉద్యోగంలో ఉండగా ఇలాంటి బిల్లు ఆపారా?

ఆపాను. ఒకటి పాస్ కూడా చేశాను. దుప్పట్ల బిల్లు. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు, సాయంత్రం ఏడయింది. గోదాంకెళ్లి కట్టలు లెక్కపెట్టాలి. పైఅధికారి "రేపు చూద్దాం లెండి, నిధులు మురిగిపోతాయి" అన్నారు. సంతకం పెట్టాను. మర్నాడు వెళ్లి లెక్కపెడితే నలభై తక్కువ. రికవరీకి రాశాను. నేను రిటైరయ్యేదాకా ఆ ఫైలు నా బల్ల మీదికి తిరిగి రాలేదు.