అకాడమీలో చేరేముందు వేసవి చదువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పిల్లగాడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)కు ఎంపికయ్యాడు, ఆర్మీ విభాగం. జూలైలో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న ఆ అకాడమీకి వెళ్లాలి. వాడు చదివిన గురుకులంలో సార్లు ఆరు ఇంగ్లిష్ పుస్తకాలు, కొన్ని లెక్కల పాఠాలు రాసిచ్చి సెలవుల్లో పూర్తి చేయమన్నారు. వాడేమో "అక్కడికి పోయినంక ఎట్లాగూ చెప్తరు, ఇప్పుడు ఉరుకుడే ముఖ్యం" అంటున్నాడు. చదివించాలా, వదిలేయాలా?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: చదివించండి. అయితే ఆ పట్టికలో ఉన్నదంతా ఒకే తీరుగా చదవనక్కర్లేదు.

పరుగు ముఖ్యమన్న మీ అబ్బాయి మాట నిజమే. కానీ ఎన్డీఏలో కసరత్తుతో పాటు కాలేజీ చదువు కూడా నడుస్తుంది. మూడేళ్లు, ఆరు టర్ములు, చివర జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం) డిగ్రీ. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఒక టర్ములో చదువులో తప్పితే రెలిగేషన్, అంటే ఆరు నెలలు వెనక్కి, జూనియర్లతో మళ్లీ అదే టర్ము. మొదటి టర్ములో తెల్లారకముందే లేపుతారు. డ్రిల్లు, పీటీ, క్లాసులు, సాయంత్రం ఆటలు అయ్యాక రాత్రి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. ఆ నిద్రమత్తులో గంటకు ఐదు పేజీలు చదివేవాడికి చాలా కష్టం, ఇరవై పేజీలు చదవగలిగేవాడు గట్టెక్కుతాడు. వేసవి చదువుతో రావలసింది ఈ వేగమే. పుస్తకాల్లోని సంగతులు సగం మరిచిపోయినా నష్టం లేదు.

కాబట్టి ఆరింటిలో రెండు ఎంచుకోమనండి: ఒకటి సులువైనది, ఒకటి కాస్త బరువైనది. పదిహేను నిమిషాలకు అలారం పెట్టుకుని ఆపకుండా చదవాలి. ఎన్ని పేజీలయ్యాయో పెన్సిల్‌తో అంచున రాసుకోవాలి. రోజూ ఇలా మూడు విడతలు చాలు, రెండు వారాల్లో తేడా తనకే కనిపిస్తుంది. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే వేగం అక్కడే చస్తుంది. గీత పెట్టి ముందుకు వెళ్లాలి, మూడోసారి ఎదురైన మాటకు మాత్రమే అర్థం చూడాలి. అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి ఐదు వాక్యాలు సొంతంగా రాయాలి. తర్వాత లేచి నిలబడి అదే విషయం రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మీ ముందు చెప్పాలి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని వినడమే కావాలి. తెలుగులో సారాంశం చెప్పే వీడియోలు చూసి చదివేశానంటే మాత్రం ఒప్పుకోకండి. కథ తెలుస్తుంది, చదివే వేగం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

పట్టికలో యుద్ధ చరిత్ర పుస్తకం ఉంటే పక్కన మ్యాపు లేకుండా తెరవొద్దు. మన ప్రాంతంతోనే మొదలుపెట్టవచ్చు. 1948 సెప్టెంబర్ 13న మొదలైన ఆపరేషన్ పోలోలో, అంటే నిజాం హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన సైనిక చర్యలో, భారత సైన్యం ప్రధాన బలగం షోలాపూర్ వైపు నుంచి, మరొకటి బెజవాడ వైపు నుంచి హైదరాబాద్ మీదికి కదిలాయి. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారిని మ్యాపులో వేలితో పట్టుకుంటే పుణె, షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ ఒకే వరుసలో వస్తాయి. రెండు వైపుల నుంచీ ఎందుకొచ్చారు, మధ్యలో ఏ నదులు అడ్డం, వంతెన కూలిస్తే ఏమవుతుంది? ఇలా చదివిన ఒక్క అధ్యాయం, తేదీలు బట్టీపట్టిన పది అధ్యాయాలకంటే మేలు.

లెక్కల్లో డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్లు, త్రికోణమితి త్వరగా చేయిజారతాయి. రోజుకు పది లెక్కలు, కాల్‌క్యులేటర్ లేకుండా. డిగ్రీ పుస్తకాలు ఇప్పుడే కొనకండి. ఆర్మీ క్యాడెట్లకు బీఏ, బీఎస్సీ, బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ ఉంటాయి, ఏది వస్తుందో తేలాకే వాటి సంగతి.

ఇక వేళలు. మే నెలలో నల్లగొండ ఎండ మీకు చెప్పనక్కర్లేదు. పరుగు, కసరత్తు పొద్దున ఐదింటికి మొదలై ఆరున్నరకల్లా ముగియాలి. యూపీఎస్సీ సూచించినది 15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్లు, పుషప్స్, సిటప్స్ కనీసం 20 చొప్పున, చినప్స్ 8, మూడు నాలుగు మీటర్ల తాడు ఎక్కడం. దూరం వారానికి కొద్దికొద్దిగానే పెంచాలి. ఒకేసారి రెట్టింపు చేస్తే మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే ఒకే చోట సలుపుతుంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. అది ఎముక చిట్లడానికి మొదలు కావచ్చు, ఆ కాలితో జూలైలో డ్రిల్లు మొదలుపెడితే నెలల తరబడి శిక్షణ పోతుంది. పదకొండు నుంచి నాలుగు వరకు ఎలాగూ బయటికి పోలేరు, చదువు ఆ ఎండ వేళలో పెట్టండి.

వెళ్లే ముందు పది రోజులు కొత్త పుస్తకం వద్దు. కాగితాలు, సామాను, నిద్ర. పూర్తికాని పుస్తకాల గురించి సార్లు అడిగితే "రెండు చదివాను" అని ఉన్నది చెప్పాలి. చదవనిది చదివానంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అకాడమీలో అబద్ధాన్ని అస్సలు సహించరు, ఆ అలవాటు ఇంట్లోనే మానాలి.

ప్రశ్న: నేను ఎన్డీఏలో ఎయిర్‌ఫోర్స్ విభాగానికి ఎంపికయ్యాను. పుస్తకాలు దొరకక ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదువుతున్నాను. హిందీ అంతంతమాత్రం. ఈత రాదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: ఫోన్ పక్కన పెట్టమ్మా. మధ్యలో వచ్చే మెసేజ్‌లు చదివే పట్టును చెడగొడతాయి. మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడుగు, లేకుంటే కావలసిన అధ్యాయాలు జిరాక్స్ తీయించు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ క్యాడెట్లకు బీటెక్ చదువు కాబట్టి లెక్కలతో పాటు ఫిజిక్స్‌కూ రోజూ గంట ఇవ్వు.

హిందీకి కంగారొద్దు. మన దగ్గర వినిపించే ఉర్దూ, హిందీ మాటలే సగం పని చేస్తాయి. డ్రిల్లు ఆదేశాలు మాత్రం ముందే చెవికి పట్టించుకో: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్ (వెనక్కి తిరుగు), తేజ్ చల్ (వడిగా నడువు), థమ్ (ఆగు). దాహినే అంటే కుడి, బాయే అంటే ఎడమ. తడబాటు ఎక్కువగా అక్కడే వస్తుంది.

అక్కడ ఈత నేర్పుతారు, పరీక్షా పెడతారు. నీళ్ల భయం ఇప్పుడే పోగొట్టుకుంటే మంచిది. ముందు ముఖం నీళ్లలో ముంచి ఊపిరి వదలడం, తర్వాత తేలడం నేర్చుకో. శిక్షకురాలున్న కొలనులోనే దిగు. బావులకు, కాలువలకు పోవద్దు. పైకి నెమ్మదిగా కనిపించే కాలువ కూడా లోపల లాగేస్తుంది, సిమెంటు గట్టుకు పట్టు దొరకదు.