సైన్యంలో చేరేవాళ్లకు స్వభావం, ఇష్టాలు చూసే పరీక్ష పెట్టి పని అప్పగిస్తే మంచిదేనా?

మంచిదే, కానీ ఎంపిక అయ్యాక పెట్టాలి. ముందే పెడితే పిల్లలు అబద్ధం రాస్తారు. పదిహేడేళ్లు జవానుగా చేసి వచ్చి, ఇప్పుడు దేవరకొండలో పొద్దున్నే పిల్లలను ఉరికిస్తున్నాను, కళ్లారా చూసిందే చెబుతున్నా.

పోయిన ఎండాకాలం ఒక పిల్లవాడు పరుగు అయ్యాక గోడ మీద కూర్చుని ఇలాంటి స్వభావం పరీక్షకు ప్రాక్టీసు పేపరు నింపుతున్నాడు. 'ఒంటరిగా ఉండటం నీకు ఇష్టమా?' అన్న దగ్గర పెన్ను ఆగింది. నా దిక్కు ఒకసారి చూసి 'కాదు' మీద టిక్కు పెట్టాడు. వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. సెలవులొస్తే నాయనతో మంద తోలుకొని సాగర్ ఎడమ కాలువ కింద కోసిన మళ్లలోకి పోయేవాడు, రాత్రంతా టార్చిలైటుతో ఒక్కడే కాపలా, చీకట్లో గొర్రె దగ్గితే అది ఏ గొర్రెనో చెప్పగలడు. "ఏందిరా, నీకు ఇష్టమే కదా?" అన్నాను. "గట్ల పెడితే తీసేస్తరంట కాకా, అకాడమీల చెప్పిండ్రు."

నాకు కడుపు రగిలిపోయింది. కోచింగ్ అకాడమీ వాళ్లూ, జీవాలమ్మి ఫీజు కట్టిన తండ్రికి మీరిచ్చేది ఇదా? 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఉరకడం నేర్పండి, చాలు.

నేను కొలువులో ఉన్నప్పుడు, ముగ్గురమే ఉన్న మంచు పోస్టులో అందరినీ నవ్వించే మాటకారి కుర్రాడికి మూడో వారానికే నిద్ర కరువైంది, టెన్షన్‌తో చేతులు వణికేవి. నోరు విప్పని రాజస్థాన్ కుర్రాడు, ఇంటి దగ్గర ఒంటెలు కాచినవాడు, రాత్రి డ్యూటీ అడిగి మరీ తీసుకునేవాడు.

ఆఫీసర్లకైతే ఎస్‌ఎస్‌బీ అనే ఎంపిక బోర్డులో ఐదు రోజులు చూస్తారు. ఒక్కో మాటకు 15 సెకన్ల చొప్పున 60 మాటలకు తోచింది రాయాలి, ఆపైన ఇంటర్వ్యూ, గ్రౌండులో పనులు, కాబట్టి అబద్ధం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. జవానుకు ఫారం నింపేటప్పుడే జీడీనా (జనరల్ డ్యూటీ, అంటే మామూలు సిపాయి పని), క్లర్కా, టెక్నికలా అని తేలిపోతుంది, అదీ చదువును బట్టి. 2022లో జవాన్ల భర్తీకి అగ్నిపథ్ పథకం వచ్చాక కొలువు 4 ఏళ్లే, ఉంచుకునేది 25 శాతం వరకే. సరిపడని పనిలో పడ్డవాడు ఎప్పుడు కుదురుకోవాలి, ఎప్పుడు పేరు తెచ్చుకోవాలి?

ఆ రోజు ఆ టిక్కు కొట్టేయించి 'అవును' పెట్టించాను. అసలు పరీక్షలో ఏం పెట్టాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.