పాత ట్రాలర్ బోటు కొనేముందు ముఖ్యంగా ఏం చూడాలి?

1970లు, 80ల నాటి గ్రాండ్ బ్యాంక్స్ కంపెనీ బోట్ల లాంటి ట్రాలర్లలో (చేపల వేట బోటు ఆకారంలో చేసిన విహార బోట్లలో) ఇంజన్ కంటే ముందు డీజిల్ ట్యాంకులు చూడండి. చాలావాటిలో అవి ఇనుపవి. లోపలి డీజిల్ కన్నా పైనుంచి కారే నీళ్లే వాటిని ఎక్కువ తినేస్తాయి: డెక్కు మీద డీజిల్ పోసే మూత చుట్టూ సీలెంట్ పోతే నీళ్లు ట్యాంకు నెత్తిన నిలిచి తుప్పు పడుతుంది. టార్చి, చిన్న అద్దం పెట్టి పైభాగం, వెనకవైపు చూడండి. ట్యాంకు మార్చాలంటే చాలాసార్లు ఇంజన్ బయటికి తీయాలి, లేదా ట్యాంకును ముక్కలుగా కోయాలి. ఆ కూలి ముందు ట్యాంకు ధర ఎంత!

టేకు డెక్కును స్క్రూలతో బిగించి ఉంటే ప్రతి రంధ్రమూ నీటికి దారే. ప్లాస్టిక్ సుత్తితో తడుతూ పోండి. మొద్దు శబ్దం వచ్చినచోట టేకు పలకల కింద డెక్కు లోపలి పొర నానిందని అనుమానించాలి.

ఇంజన్ ఫోర్డ్ లేమన్ 120 (ఆ కాలపు ట్రాలర్లలో తరచూ కనబడే డీజిల్ ఇంజన్) అయితే మొండిదే. కానీ దాని ఇంజెక్షన్ పంపుకు (ఇంజన్‌లోకి డీజిల్ పంపే పంపుకు) వేరే ఆయిల్ ఉంటుంది. డీజిల్ కలిసి పలచబడుతుంది కనుక 50 గంటలకోసారి మార్చాలి. ఈ సంగతి అడిగితే ఓనర్ తెల్లమొహం వేశాడా, మిగతా సర్వీసింగునూ నమ్మకండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వేడెక్కించి ఉంచితే స్టార్టింగ్ కష్టాలు, తొలి పొగ కనబడవు.