డాక్టర్ చదివే పిల్లకి నవలలెందుకు అంటున్నారు మా వారు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. సెలవులకి ఇంటికొస్తే రాత్రిళ్లు నవలలు పట్టుకుని కూర్చుంటోంది. ఫార్మకాలజీ ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గాయని మా వారు ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పట్నుంచి తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. - ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం తీయించండి. రేపోమాపో రోగుల ప్రాణాలు చూసుకోబోయే పిల్ల ఏం చదవాలో నాన్న తాళంచెవి తేల్చేస్తే, ఆ అవమానం మార్కుల కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మీ వారి భయం అర్థం చేసుకోగలను. నీట్ ర్యాంకు కోసం ఇల్లంతా పడ్డ టెన్షన్ చాలదన్నట్టు, ఇక పీజీ సీటు గొడవ. కానీ మార్కులు తగ్గింది నవలల వల్లేనా? రెండో ఏడాదిలో ఫార్మకాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ మూడూ ఒక్కసారే మీద పడతాయి, వాటికి తోడు వార్డు పోస్టింగులు, మంచం మీద మూలిగే మనిషిని దగ్గర్నుంచి చూడటం. ఆ దెబ్బకి బాగా చదివే పిల్లలు కూడా తడబడతారు.

ఇక డాక్టరుకి నవలలెందుకంటారా, టీబీ సంగతే చూడండి. మందులు కనీసం ఆరు నెలలు వాడాలని పాఠంలో ఉంటుంది. రెండో నెలకే దగ్గు తగ్గి ఒంట్లో ఓపికొచ్చిన కూలీ, రోజు కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి ఎందుకొస్తాడు? ఊళ్లో తెలిస్తే కూతురి సంబంధం చెడుతుందని మాత్రలు బియ్యం డబ్బాలో దాచే తల్లి ఉంటుంది. "ఎందుకు మానేశావ్" అని గదమాయిస్తే ఇద్దరూ అబద్ధమే చెబుతారు, జబ్బేమో మందులకి లొంగకుండా ముదిరి తిరిగొస్తుంది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించగలగాలంటే మనది కాని బతుకులో కాసేపు మసలడం అలవాటవ్వాలి, నవల చేయించేది అదే. చదివినవాళ్లంతా మంచి డాక్టర్లవుతారని నేననను. కానీ ఇష్టంగా చదివే పిల్లని ఆపడం మాత్రం తప్పు.

మీ వారికి ఇంకో మాట చెప్పండి. వైద్య విద్యార్థుల్ని క్లాసు గదిలోంచి రోగి మంచం దగ్గరికి నడిపించిన విలియం ఆస్లర్ నూరేళ్ల కిందటే వాళ్లని పడుకునే ముందు అరగంట సాహిత్యం చదవమన్నారు. మన కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూనే నవలలు రాశారు. 2019 నుంచి మన ఎంబీబీఎస్ సిలబస్‌లో కూడా రోగితో ఎలా మెలగాలి, ఎలా మాట్లాడాలి అన్నది విడిగా నేర్పుతున్నారు.

ఒక్కటి మాత్రం గమనించండి. నిద్ర పోకుండా, తిండి మీద ధ్యాస లేకుండా, పోస్టింగులు ఎగ్గొట్టి పుస్తకంలో తల దాచుకుంటోందా? అయితే బాధ వేరే ఉంది. నెమ్మదిగా అడగండి, చెప్పకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఉచితంగా ఫోన్ చేయవచ్చని చెప్పండి. అలాంటిదేమీ లేకపోతే, పుస్తకాలు మీ వారి చేతే ఇప్పించండి, మీరు మధ్యలో రాయబారానికి వెళ్లొద్దు. "తప్పు చేశాను" అనడం ఆయనకి కష్టమైతే, ఏం చదువుతున్నావమ్మా అని అడిగి పక్కన కూర్చున్నా చాలు. పరీక్షల ముందు నవల ఎన్నాళ్లు పక్కన పెట్టాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి.