మీ బండి, మీ ప్రశ్నలు: కీ తిప్పగానే ఆయిల్ ముల్లు ఫుల్‌కి పోతోందా?

ప్రశ్న: నమస్తే అండి. మాది గజపతినగరం దగ్గర పల్లె. మా నాన్నగారు నడిపిన పాత జీపు పికప్ ఉంది, డీజిల్‌ది, దాన్ని బాగు చేయించుకుని కూరగాయలూ కొబ్బరికాయలూ వేసుకుని సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కుతుంటాను. ఆయిల్‌కి ఎర్ర బల్బు ఒక్కటే ఉండేది, అందుకని అమెరికా పాత పికప్‌లకి వేసే గుండ్రటి ఎలక్ట్రిక్ ఆయిల్ ప్రెషర్ మీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, సెన్సర్ మాత్రం విజయనగరంలో స్పేర్ పార్ట్స్ షాపులో దొరికింది వేయించాను, ఎర్ర బల్బు స్విచ్చి తీసేసి అదే కన్నంలో. ఇప్పుడు ఏటవుతోందంటే కీ ఆన్ చేయగానే, ఇంజన్ ఇంకా స్టార్ట్ అవకముందే, ముల్లు ఫుల్‌కి పోతోంది. స్టార్ట్ చేస్తే మధ్యకి దిగుతోంది. ఘాట్ ఎక్కి పైన ఆపి స్లోలో ఉంచితే మళ్ళీ పైకి లేస్తోంది. మీటర్ పోయింది కొత్తది కొనమంటున్నాడు మేస్త్రీ. ఏటి చేయమంటారు?

జవాబు: ముందు ఈ మీటర్ చూసుకుని ఘాట్ ఎక్కడం ఆపండి బాబూ, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. మీ మీటర్ పోలేదు, సెన్సర్ కూడా పోయుండదు, ఆ రెండిటికీ జత కుదరలేదు అంతే.

ఎలక్ట్రిక్ మీటర్‌కి ఆయిల్ ప్రెషర్ నేరుగా తెలీదు, సెన్సర్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఎన్ని ఓమ్‌లుందో అదే చూసి ముల్లు కదుపుతుంది. అమెరికాలో బయట కొని బిగించుకునే మీటర్లలో ఎక్కువ శాతం 240 నుంచి 33 ఓమ్‌ల రకం, అంటే ప్రెషర్ సున్నా ఉంటే 240, ఫుల్ ఉంటే 33. యూరప్ రకం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, సున్నాకి 10, ఫుల్‌కి సుమారు 180. మీకు షాపులో ఇచ్చింది ఈ రెండో రకం సెన్సర్ అని నా నమ్మకం, ఎందుకంటే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అది 10 ఓమ్‌లు చూపిస్తుంది, మీ మీటరేమో 33కే ఫుల్ అనుకునేది కాబట్టి ముల్లు చివరికి పోయి కూర్చుంటుంది. మధ్యలో రెండు రకాలూ ఇంచుమించు ఒకే చోట కలుస్తాయి కాబట్టి స్టార్ట్ చేశాక అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఘాట్ ఎక్కి పైకొచ్చేసరికి ఆయిల్ కాగి పల్చబడుతుంది, స్లోలో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెషర్ పడిపోతుంది, మీ ముల్లు మాత్రం పైకి లేస్తుంది. ప్రెషర్ పూర్తిగా పోయిన రోజున మీ మీటర్ ఫుల్ చూపిస్తుంది, బేరింగులు పట్టేసేదాకా మీకు తెలీదు, ఎర్ర బల్బు కూడా తీసేశారు కదా.

నా మాట మీద వెళ్ళకుండా మీరే చూసుకోండి, పది నిమిషాల పని. ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్‌లో పెట్టి, సెన్సర్ మీది వైరు ఊడదీసి ఎక్కడా తగలకుండా పట్టుకోండి, ముల్లు సున్నాకి రావాలి. అదే వైరు ఒక్క క్షణం ఇంజన్ బ్లాక్‌కి తాకిస్తే ఫుల్‌కి పోవాలి. రెండూ జరిగితే మీటర్ బాగున్నట్టే. ఆ తర్వాత వైరు ఊడదీసే ఉంచి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక పిన్ను సెన్సర్ టెర్మినల్‌కి, ఇంకోటి బ్లాక్‌కి ఆనించండి. 10 దగ్గర వస్తే నేను చెప్పిందే. అప్పుడు 240–33 సెన్సర్ తెచ్చుకోండి, మీ మీటర్ డయల్ ఎంతవరకు ఉందో, 80 పౌండ్లో 100 పౌండ్లో (చదరపు అంగుళానికి, పీఎస్ఐ అని రాసుంటుంది), సెన్సర్ కూడా అంతవరకే ఉన్నది తీసుకోవాలి. షాపులో "అమెరికా సెన్సర్" అని అడిగితే సరిపోదు, అక్కడ కంపెనీ నుంచే వచ్చిన కొన్ని పాత పికప్ మీటర్లు 0 నుంచి 90 ఓమ్‌ల రకం కూడా ఉన్నాయి, అందుకని ఓమ్‌ల అంకెలు కాయితం మీద రాసి ఇవ్వండి.

త్రెడ్డు సంగతి కూడా చూసుకోవాలి. అమెరికా సెన్సర్‌కి సాధారణంగా ఒకటిబై ఎనిమిది ఎన్‌పీటీ అనే అమెరికా పైపు త్రెడ్డు, అంగుళానికి 27 త్రెడ్లు. బీఎస్‌పీటీ అనే బ్రిటిష్ రకం అదే సైజులో 28. ఒకదాని కన్నంలో ఇంకోటి చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది, మేస్త్రీ స్పానర్ వేసి లాగేస్తాడు, బ్లాక్‌లో త్రెడ్డు పోతుంది లేకపోతే చెమ్మ చెమ్మగా ఆయిల్ కారుతూనే ఉంటుంది. చేత్తో వెళ్ళాల్సినంత దూరం వెళ్ళకపోతే అక్కడే ఆపేసి పాత స్విచ్చి పట్టుకుని లేత్ షాపుకి వెళ్ళండి, అడాప్టర్ తీసిస్తారు. టెఫ్లాన్ టేప్ దట్టంగా చుట్టొద్దు, ఒకే టెర్మినల్ ఉన్న సెన్సర్‌కి ఎర్త్ దొరికేది ఆ త్రెడ్ల నుంచే.

ఎర్ర బల్బుని మళ్ళీ బతికించండి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. మీటర్ ముందుగా చెప్తుంది, బల్బు ఆఖర్న చెప్తుంది, ఘాట్ మలుపుల్లో మీరు డయల్ చూడరు కానీ ఎర్రగా వెలిగితే కంటపడుతుంది. ఇత్తడి టీ జాయింట్ వేస్తే రెండూ పెట్టుకోవచ్చు, కానీ డబ్బాలాంటి బరువు సెన్సర్‌ని ఆ టీ చివర వేలాడదీస్తే డీజిల్ ఇంజన్ వణుకుడికి మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది, ఆయిలంతా రోడ్డు మీదే. అందుకే ఆయిల్‌కీ వేడికీ తట్టుకునే చిన్న ప్రెషర్ హోస్ వేసి, టీనీ సెన్సర్లనీ బాడీకి క్లాంపుతో పట్టించండి, అప్పుడు హోస్ వల్ల ఎర్త్ తెగిపోతుంది కాబట్టి టీ నుంచి బాడీకి ఒక ఎర్త్ వైరు తప్పకుండా వేయించండి. మీటర్ వెనక ఐ అన్నదానికి కీ ఆన్‌లో వచ్చే కరెంటు చిన్న ఫ్యూజు మీదుగా, జీ అన్నది పెయింటు గీకిన బాడీకి, ఎస్ అన్నది సెన్సర్‌కి. డయల్ లోపలి లైటుకి పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకోండి.

ప్రశ్న: సన్న పైపుతో ఆయిల్ నేరుగా డాష్‌బోర్డుకి వచ్చే పాతకాలం మీటర్ దొరికింది సార్. వైరింగ్ గొడవ ఉండదని అదే వేద్దామనుకుంటున్నా. మంచిదేనా? (ఆమదాలవలస)

జవాబు: మంచిదే, అంకె నిజంగా చెప్పేది అదే. లోపల వంకీ తిరిగిన బోర్డన్ ట్యూబు ఉంటుంది, ప్రెషర్‌కి అది విచ్చుకుంటూ ముల్లుని లాగుతుంది, ఓమ్‌ల గొడవే లేదు. పైపుని మాత్రం పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవాలి. రాగిదైతే వణుకుడికి గట్టిపడి పగులుతుంది, అందుకే ఇంజన్ దగ్గర రెండు చుట్లు చుట్టి వదలాలి. నైలాన్‌దైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరికి పోనీయొద్దు. రేకులోంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట గ్రోమెట్, అంటే కన్నం అంచుకి వేసే రబ్బరు రింగు, లేకుండా వేయొద్దు, పైపు ఒరుసుకుని తెగితే కాగిన ఆయిల్ మోకాళ్ళ మీద పడుతుంది. బిగించాక ఇంజన్ నడిపి ప్రతి జాయింటూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి.

ప్రశ్న: మా పికప్ వేడెక్కాక స్లోలో 10 పౌండ్లే చూపిస్తోంది, ఇంజన్ విప్పాలంటున్నారు. (పలాస)

జవాబు: తొందరపడొద్దు. ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 10 పౌండ్లు అని పాత ఇంజన్లకి ఒక మోటు లెక్క ఉంది, మేస్త్రీలు కేజీల్లో చెప్తే ఒక కేజీ అంటే 14 పౌండ్ల పైచిలుకు. మీది స్లోలో 700, 800 మీదే తిరుగుతుంది కదా, ఆ లెక్కన 10 చాలు, బాగా వేడి మీద 2000 దాకా రేజ్ చేస్తే 20 దాటి లేస్తోందా అన్నది చూడండి. లేవకపోతే ముందు అరువు తెచ్చిన మెకానికల్ మీటర్ అదే కన్నంలో పెట్టి అంకె నిజమో కాదో తేల్చుకోండి, ఆయిల్ గ్రేడూ లెవెలూ చూడండి, డిప్‌స్టిక్ వాసన చూసి డీజిల్ కలిసిందేమో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రెషర్ లేవకపోతే అప్పుడు సంప్, అంటే ఇంజన్ కింది ఆయిల్ తొట్టి, దింపించండి, పంపు జాలీ, బేరింగులు చూశాకే మిగతా ఇంజన్ మాట.